చదువున వెనుకబడినవారికి టైపు సాధన

మన పాఠశాలలో ఆఱవ తరగతికి వచ్చి చేరు బాలబాలికలలో, తెలుగు వాచకమునందలి ఒక్క పేరానైనను తడబడక చదువలేనివారు ఏటేట కొందఱుందురు. వీరు మందబుద్ధులు కారు. వినిన కథను పొల్లుపోకుండ మరల చెప్పుదురు. తాండూరు నాపరాతి గనిలో పనిచేయు తండ్రికి వారమునకు రావలసిన కూలి యెంతో, అందులో అడ్వాన్సు క్రింద మేస్త్రి పట్టుకొనునది యెంతో నోటిలెక్కతో తేల్చుదురు. పుస్తకము ముందుంచినంతనే వారి నోరు మూతపడును. ఎనిమిదవ తరగతికి వచ్చునప్పటికి ఇట్టి విద్యార్థి వెనుక బల్ల చేరును. పదవ తరగతి పరీక్షకు ముందే బడి విడిచి రాళ్ల పాలిషింగు యూనిటుకో, కంది చేనికో పోవును. హాజరుపట్టీలో అతని పేరు కొట్టివేయబడును. ఇట్టివారికొఱకు మన పాఠశాల చేయదగిన పని యొకటి కలదని మా అభిప్రాయము. అది పెద్ద పని కాదు. మన కంప్యూటరు గదిలో దినమునకు ఇరువది నిమిషములు వారిచేత తెలుగు టైపు చేయించుట.

ఈ మాట వినినంతనే కొందఱు నవ్వవచ్చును. చదువనేరని వానికి టైపు నేర్పుట నడువలేని వానికి సైకిలు కొనియిచ్చుట వంటిదని యనవచ్చును. నడువలేని వానికి మూడు చక్రముల సైకిలే గదా దిక్కు! ప్రస్తుతము ఆ గది చదువ నేర్చినవారి సొత్తుగా నున్నది. అచ్చట బొమ్మలు గీయుటయు, ఆంగ్లమున పేర్లు టైపు చేయుటయు, అంతకుముందే తెలివిగలవారనిపించుకొన్నవారికి మఱికొంత తెలివి చేర్చుటయు జరుగుచున్నవి. అందు మాకు అభ్యంతరము లేదు. తొంబది తొమ్మిది గొఱ్ఱెలను విడిచి ఒక్కదానిని వెదుక బోయిన కాపరి కథను ప్రతి ఉదయము చెప్పు పాఠశాలలో, ఆ ఒక్కదానికి ఇరువది నిమిషములు దొరకకపోవుట మాత్రము విచారింపవలసిన సంగతి.

ఈ విద్యార్థులందఱును ఒక్క కారణముచేతనే వెనుకబడలేదు. వికారాబాదు చుట్టుపట్ల తండాలనుండి వచ్చువారు ఇంట లంబాడీ మాటలాడుదురు. తాండూరు, బషీరాబాదు ప్రాంతములు కర్ణాటకపు సరిహద్దున నున్నవి. అచ్చట కన్నడమాడు ఇండ్లు కలవు. రెండు పట్టణములయందును ఉర్దూ మాతృభాషగా గలవారు పలువురున్నారు. వీరికి తెలుగు వాచకము ఏకకాలమున క్రొత్త లిపియు, క్రొత్త భాషయు నగుచున్నది. కొందఱు తలిదండ్రులతో పనులకు వలసపోయి, మొదటి తరగతులలో సగము దినములైనను బడికి రానివారు. కొందఱికి చూపు చాలదు. కండ్లద్దములు పెట్టించిన దినముననే వారి కష్టము సగము తీరును గనుక, ఏ సాధనకైనను ముందు కంటి పరీక్ష చేయించుట న్యాయము.

కన్నును, చెవియు, బుద్ధియు చక్కగానుండియు అక్షరములు మాత్రము పట్టుబడనివారును కొలదిమంది యుందురు. 1896వ సంవత్సరమున ప్రింగిల్ మోర్గన్ అను ఆంగ్ల వైద్యుడు, తెలివిగల పదునాలుగేండ్ల బాలునియందు ఇట్టి ఇబ్బందిని కనుగొని ప్రకటించెను. 1925లో అమెరికా దేశపు సామ్యుయేల్ ఆర్టన్ అను వైద్యుడు ఈ విషయమునే మఱింత విచారించి వ్రాసెను. నేడు దీనిని డిస్లెక్సియా యందురు. ఇది సోమరితనము కాదు, బుద్ధిమాంద్యమును కాదు. మన దేశమున 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము దీనిని గుర్తించినది. చట్టము గుర్తించిన దానిని తరగతిలోని ఉపాధ్యాయుడు గుర్తించుటకు ఇంకను జాగు జరుగుచున్నది.

మన లిపియే కొంత ఓర్పు కోరునట్టిది. బెంగళూరులో సోనాలి నాగ్ గారు కన్నడము నేర్చు పిల్లలను పరీక్షించి 2007లో ఒక పరిశోధనమును ప్రకటించిరి. కన్నడ అక్షరములు పూర్తిగా స్వాధీనమగుటకు ఒకటి రెండేండ్లు చాలవనియు, ఆ పని నాలుగవ తరగతివఱకు సాగుచునే యుండుననియు దానివలన తెలిసినది. కన్నడ తెలుగు లిపులు అక్కచెల్లెండ్రు కావున మనకును ఆ మాట వర్తించును. అట్లుండగా, రెండవ తరగతిలో గుణింతము చెప్పి ముగించి, ఆపైన రానివారిని రానివారిగనే వదలుట మన బడులలో ఆచారమైనది.

ఇక టైపు మాట. టైపు యంత్రము గుమాస్తాలకొఱకు పుట్టినదని పలువురి భావన. మొదట అది కలము పట్టలేనివారికొఱకు పుట్టినది. ఇటలీ దేశమున పెల్లెగ్రినో తుర్రి అను నాతడు చూపులేని కరోలినా ఫంతోని అను స్త్రీకొఱకు అట్టి యంత్రము నొకదానిని చేసెను. 1808 ప్రాంతమున ఆమె దానితో వ్రాసిన లేఖలు నేటికిని నిలిచియున్నవి. కోపెన్‌హాగన్ నగరమున బధిరుల పాఠశాలకు అధిపతియు క్రైస్తవ బోధకుడునైన మాలింగ్ హాన్సెన్, తన విద్యార్థులు చేతివ్రేళ్ల సంజ్ఞలతో పలుకు వేగము వారి కలమునకు లేకుండుట చూచి, వ్రేళ్లతోనే వ్రాయుటకు వీలగు గుండ్రని యంత్రమొకటి కల్పించి, 1870లో దానికి హక్కు పొందెను. కార్యాలయములవారు దానిని తమదిగా చేసికొనుట తరువాతి కథ. మన దేశమున గోద్రెజు వారు 1955లో టైపు యంత్రములు చేయనారంభించిన పిమ్మట ఊరూర టైపు ఇన్‌స్టిట్యూట్లు వెలసి, ఆ టకటకలు విని ఉద్యోగాశతో మెట్లెక్కిన యువకులు వేలకొలది. ఆ మెట్లు చదువురాని వానికి కావనియే అందఱును తలచిరి.

1932వ సంవత్సరమున బెన్ వుడ్, ఫ్రాంక్ ఫ్రీమన్ అను ఇరువురు అమెరికా విద్యావేత్తలు, ప్రాథమిక తరగతుల పిల్లలకు వేలసంఖ్యలో టైపు నేర్పి చూచిన పరిశోధనమును ప్రకటించిరి. టైపు చేసిన పిల్లలు తక్కినవారికంటె ఎక్కువగా వ్రాసిరనియు, వారి దస్తూరికి హాని కలుగలేదనియు అందు చెప్పిరి. ఆ పనికి ద్రవ్యమిచ్చినవారు టైపు యంత్రముల వర్తకులే; కావున ఆ మాటను కొంత తగ్గించి గ్రహింపవలెను. తగ్గించినను మిగులునది కొంత కలదు. వ్రాయుటకు జంకు పిల్లవాడు యంత్రము ముందు కూర్చున్నప్పుడు ఎక్కువ వ్రాయుననుట మేమును చూచుచున్నదే. కాగితముమీది తప్పు ఎఱ్ఱసిరాతో నిలిచియుండును. తెరమీది తప్పును ఒక మీట నొక్కినంతనే ఎవ్వరును చూడకముందే తుడిచివేయవచ్చును. పదమూడేండ్ల వయస్సున ఈ మఱుగు ఎంత విలువైనదో ఆ వయస్సు దాటినవారందఱును ఎఱుగుదురు.

అయినను అమెరికాలోని ఆంగ్లపు మాటను తెచ్చి మన పిల్లలకు అంటగట్టుట మా ఉద్దేశము కాదు. తెలుగు టైపునందు ఆంగ్లమునకు లేని గుణమొకటి కలదు. మా వాదమంతయు దానిమీదనే నిలిచియున్నది.

తెలుగు చదువుటలో చిక్కెక్కడ? 'భక్తి' అను మాటను చూడుడు. గుడి క మీద నుండును, త వత్తు క్రింద నుండును. కన్ను మొదట చూచునది 'కి'. నోరు పలుకవలసినది మొదట క, తరువాత త, ఆపైన ఇకారము. 'సూర్యుడు' అను మాటలో కొమ్ము ర కు తగిలియుండును గాని పలుకునది య తరువాత. చదువ నేర్చినవారికి ఇది తోచనైన తోచదు. నేర్వనివాడు ఇచ్చటనే ఆగును; 'భకిత' యనును, లేదా ఊహించి మఱియొక మాట చెప్పును. పాత తెలుగు టైపు యంత్రముపై ఈ చిక్కు తీరలేదు. అందు అక్షరపు రూపమును ముక్కలుగా కూర్చవలసియుండెడిది.

కంప్యూటరునకు భారత ప్రభుత్వమువారు 1986లో ఏర్పఱచి, 1991లో జాతీయ ప్రమాణమునందు చేర్చిన ఇన్‌స్క్రిప్టు అను మీటల అమరిక అట్టిది కాదు. అందు మాటను పలుకు క్రమముననే కొట్టవలెను. 'భక్తి' కి భ, క, పొల్లు, త, గుడి. నోరు చెప్పినది వ్రేలు చేయును, వ్రేలు చేసినది తెర చూపును. క కొట్టినప్పుడు క కనబడును. పొల్లు కొట్టినంతనే తలకట్టు పోయి క్ అగును. త కొట్టినంతనే అది క్రిందికి జాఱి వత్తగును. గుడి కొట్టినంతనే అది పైకెగిరి క మీద కూర్చుండును. గుణింతము, వత్తులు అనగా ఏమో నల్లబల్లమీద నెలదినములు చెప్పినను తెలియనివానికి, ఇచ్చట కండ్లయెదుట అది జరుగుచుండుటచేత తెలియును.

మీటల వరుసలును ఆలోచించి పెట్టినవి. నడిమి వరుసలో ఎడమచేతి క్రింద క్రమముగా ఓత్వము, ఏత్వము, పొల్లు, గుడి, కొమ్ము ఉండును. కుడిచేతి క్రింద ప, ర, క, త, చ, ట. ఒక చేయి హల్లు కొట్టగా రెండవ చేయి దానికి స్వరము తగిలించును. మ, న, వ వంటివి కొన్ని ఎడమచేతికి వచ్చుట నిజమే. అవి క్రింది వరుసలోనివి, తరువాత నేర్పవచ్చును. గుడి మీటకు సరిగా పైన గుడిదీర్ఘము, కొమ్ము మీటకు సరిగా పైన కొమ్ముదీర్ఘము కలవు. హ్రస్వదీర్ఘములను తాఱుమాఱు చేయువాడు, దీర్ఘమునకు వ్రేలు ఒక మెట్టు ఎక్కవలెనని నేర్చినచో, ఆ భేదము చెవిలోనే గాక వ్రేలిలోను నిలుచును. షిఫ్టు మీట నొక్కి గుడి కొట్టిన ఇ వచ్చును, కొమ్ము కొట్టిన ఉ వచ్చును, పొల్లు కొట్టిన అ వచ్చును. అచ్చును దాని గుర్తును ఒక్కటేయని చెప్పుటకు ఇంతకంటె సులభోపాయము మాకు కనబడలేదు. అట్లే షిఫ్టుతో క కొట్టిన ఖ, త కొట్టిన థ, చ కొట్టిన ఛ. మన పెద్దలు వీనిని ఒత్తక్షరములనిరి. ఒత్తిననే ఒత్తక్షరము వచ్చు మీట వచ్చునని వారెఱుగరు గాని, పేరు మాత్రము ముందే పెట్టియుంచిరి!

నడిమి వరుస నొక్కదానినే నేర్చిన విద్యార్థి కోతి, తోక, చేప, పిట్ట, కోట, పేరు అను మాటలు కొట్టగలడు. 'కుక్క తోక పట్టుకోకు' అను వాక్యమంతయు ఆ యొక్క వరుసలోనే కలదు. వాచకములో ఒక పంక్తి చదువలేక ఆఱేండ్లు సిగ్గుపడిన బాలుడు, మొదటి వారములోనే తన చేతులతో పూర్తి వాక్యమొకటి చేసి, అది నవ్వు పుట్టించునదై యుండి, దానిని తానే చదువుట చిన్న సంగతి కాదు.

తాండూరు వారికి ఇందులో మఱియొక లాభము కలదు. ఈ అమరిక మన దేశపు లిపులకు ఉమ్మడిది. తెలుగున క ఉన్నచోటనే కన్నడమునను హిందీయందును క ఉండును. తెలుగు మీటలు వ్రేళ్లకు వచ్చిన కన్నడపు బాలుడు తన యింటి భాషను అవే వ్రేళ్లతో వ్రాయగలడు. హిందీ పాఠమునకును అవియే పనికివచ్చును. ఉర్దూ లిపి వేఱు గనుక ఆ లాభము ఉర్దూ పిల్లలకు లేదు.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయుట అవసరము. నేటి పిల్లలు సెల్‌ఫోనులో ఆంగ్లాక్షరములతో తెలుగు మాట కొట్టి, యంత్రముచేత దానిని తెలుగు లిపిలోనికి మార్పించుకొనుచున్నారు. కొందఱు నోటితో చెప్పి వ్రాయించుకొనుచున్నారు. చదువ నేర్చినవారికి ఇవి సౌకర్యములే. నేర్వని వానికి మాత్రము ఇవి పల్లకి వంటివి. ఊరు చేర్చును గాని కాళ్లకు బలమియ్యవు. ఆంగ్లాక్షరముల త్రోవన పోవువానికి తెలుగక్షరముతో వ్రేలికి గాని కంటికి గాని పనియే యుండదు. మాటలో మొదటి అక్షరము కొట్టగానే తక్కినది చూపు సదుపాయమును కూడ సాధనవేళ ఆపివేయవలెను.

దస్తూరి పాడగునని శంకించువారి మాటను మేము తేలికగా త్రోసివేయము. 2005లో ఫ్రాన్సు దేశమున లోంకాంప్ మొదలగువారు మూడు మొదలు అయిదేండ్ల శిశువులను పరీక్షింపగా, పెద్దవారిలో చేతితో వ్రాసి నేర్చినవారు మీటలతో నేర్చినవారికంటె అక్షరములను చక్కగా గుర్తించిరి. కావున శిశుతరగతుల చేతినుండి బలపమును తీసికొనుట తప్పు. మేము చెప్పుచున్నది పలకయు బలపమును చేయవలసిన పని చేయలేక విడిచిన పెద్ద పిల్లలనుగూర్చి. వారును కొట్టిన ప్రతి మాటను వెంటనే నోటుపుస్తకములో చేతితో ఒకసారి వ్రాయవలెను. పదవ తరగతి పరీక్ష కలముతోనే గదా వ్రాయవలసినది!

టైపు పరీక్షలవారి పద్ధతిని మాత్రము మన గదిలోనికి రానీయరాదు. నిమిషమునకు ఎన్ని మాటలని గడియారము పట్టుకొని నిలుచుట గుమాస్తాకు తగును. ఇచ్చట వేగమునకు బహుమానము లేదు, మార్కులు లేవు, పేర్లు చదువుట లేదు. ఒక్క యంత్రమునకు ఇద్దఱు కూర్చుండవలెను. ఒకడు మాటను విడదీసి పలుకును, రెండవవాడు కొట్టును, పిమ్మట మారుదురు. మాటలు వారి యింటినుండియు ఊరినుండియు రావలెను. నాపరాయి, కందిపప్పు, అనంతగిరి, తండా, రైలు, నవంబరు మాసపు ధారూరు జాతర. కొన్ని వారములు గడచిన తరువాత వారు చెప్పిన కథనే వారిచేత కొట్టించి, పెద్ద అక్షరములతో అచ్చు తీసి, కుట్టి, వారికే వాచకముగా ఇయ్యవలెను. తాను చెప్పిన మాట గనుక తరువాతి మాట యేమో అతనికి తెలియును. తెలిసిన మాటను అక్షరములలో గుర్తించుటయే చదువునకు మొదటి మెట్టు.

దీనితో అందఱును బాగుపడుదురని మేము చెప్పము. వలసచేతను, భాషాభేదముచేతను వెనుకబడినవారు త్వరగా అందుకొందురని మా నమ్మకము. నిజముగా డిస్లెక్సియా కలవారికి ఏండ్లు పట్టును. వారికి తర్ఫీదు పొందిన ఉపాధ్యాయుని సహాయమును వేఱుగ కావలెను. టైపు ఆ సహాయమునకు తోడేగాని బదులు కాదు. ధ్వనులను విడదీసి వినుటయే రానివానికి మీటలు ముందుగా ఇచ్చినచో, అతడు రూపములు వెదకి కొట్టును. దానివలన ప్రయోజనము లేదు. మొదట చప్పట్లతో మాటను విఱిచి వినిపింపవలెను.

ఉపాధ్యాయులకు తీరిక యేది యను ప్రశ్న మిగిలినది. నడిమి వరుస నేర్పుటకు ఉపాధ్యాయుడే కానక్కఱలేదు. తొమ్మిదవ తరగతిలో టైపు వచ్చినవారు నలుగురు చాలుదురు. ఉపాధ్యాయుడు వారమునకు రెండు దినములు వచ్చి, ఎవరెక్కడ ఆగిరో చూచి, తరువాతి మాటలు వ్రాసియిచ్చిన సరిపోవును. తెలుగక్షరములు ముద్రించిన చిన్న చీటీలు మీటలకు అంటించుటకు ఖర్చు స్వల్పము. కంప్యూటర్లలో తెలుగు ఇన్‌స్క్రిప్టు ముందే యుండును. దానిని తెఱచుటయే పని. కరెంటు పోయిన దినమున అట్టమీద మీటలు గీసికొని వ్రేళ్లు ఆడింపవచ్చును.

వచ్చు జూను మాసమున బడి తెఱచినప్పుడు ఆఱు మొదలు ఎనిమిదవ తరగతివఱకు ప్రతి విద్యార్థిచేతను ఒక పేరా, ఏకాంతమున, బిగ్గఱగా చదివించి, ఆగినవారి పట్టిక తయారుచేయవలెనని ప్రధానోపాధ్యాయులను మేము కోరుచున్నాము. ఆ పట్టిక గోడకు అంటింపరాదు. బోర్డింగులోనివారికి సాయంకాలపు ఆటల తరువాత ఇరువది నిమిషములు, తాండూరు వైపునుండి ఉదయపు రైలులో ముందుగా వచ్చి వరండాలో ఊరక కూర్చుండువారికి ప్రార్థనకు ముందు ఇరువది నిమిషములు ఏర్పఱుపవచ్చును. ఆ వేళకు గది తెఱచుటకు తాళపుచెవి యెవరియొద్ద నుండవలెనో మాత్రము ముందే నిర్ణయింపవలెను.